మేడం అన్న మాట

నా చిన్నప్పుడు, నేను నాలుగో తరగతి చదువుతుండగా, కొత్తపేట దగ్గరున్న మా ఊరి బడికి కొత్త టీచరు వచ్చింది. ఆమె మా ఊరి అమ్మాయే. వాళ్ళమ్మ ఏటా మా పొలంలో ఊడ్పులకు వచ్చేది. ఆ తల్లీకూతుళ్ళను మా ఇంట్లో చిన్నాపెద్దా అందరూ పేరుపెట్టి 'ఒసే' అనే పిలిచేవారు. ఆ అమ్మాయి చర్చివారి హాస్టల్లో ఉండి చదువుకుని, ట్రైనింగు పూర్తిచేసి, ఇస్త్రీ చీర కట్టుకుని మా క్లాసులో నిలబడింది.

ఆమెను మేడం అని పిలవాలని హెడ్మాస్టరుగారు చెప్పారు. నాకు ఆ మాట నోటికి రాలేదు. ఏడో ఎక్కం అప్పచెప్పమని ఆమె అడిగితే, "నువ్వే చెప్పు" అన్నాను. పిల్లలు పకపకా నవ్వారు. ఆమె నన్ను కొట్టలేదు, తిట్టలేదు. బోర్డు వైపు తిరిగి ఏడో ఎక్కం తనే రాయడం మొదలుపెట్టింది.

ఇంటికొచ్చి ఆ సంగతి గొప్పగా చెప్పాను. మా చిన్నాన్న నవ్వాడు. మా మామ్మ మాత్రం కొబ్బరి కోరుతున్న చెయ్యి ఆపి, నన్ను పక్కన కూర్చోబెట్టుకుంది.

మామ్మ యానాంలో పెరిగింది. అప్పట్లో అది ఫ్రెంచివాళ్ళ ఏలుబడిలో ఉండేది. ఆవిడ తండ్రి వాళ్ళ కచేరీలో గుమస్తా. ఒకరోజు ఆయన వెంట నడుస్తుంటే, చేపల తట్ట నెత్తిన పెట్టుకుని ఎదురొచ్చిన ఒక ముసలామెకు ఫ్రెంచి దొర ఒకాయన టోపీ తీసి, "మదాం" అన్నాడట. ఆ మాటకు 'నా దొరసాని' అని అర్థమని తండ్రి చెప్పాడట.

"చేపలమ్మే ఆవిడ దొరసానేంటని నేనూ నీలాగే నవ్వేనే. మా నాన్న నవ్వలేదు. అలా అన్నందుకు ఆ దొరకేవైనా తరిగిపోయిందా అని అడిగేరు," అంది మామ్మ.

మర్నాడు మామ్మ నాతో బడికి బయలుదేరింది. గుడికి తప్ప గడప దాటని మనిషి. క్లాసు గుమ్మం బయటే ఆగి, చేతులు జోడించి, "మేడంగారూ, లోపలికి రావచ్చాండీ?" అంది.

టీచరు గబుక్కున కుర్చీలోంచి లేచింది. "అయ్యయ్యో మామ్మగారండీ, మీరెందుకొచ్చేరండీ!"

"మా పిల్లకి మాట్లాడ్డం రాలేదండి. మీరే నేర్పాలండి."

టీచరు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నేను తలవంచుకుని, "తప్పయిపోయిందండి, మేడం," అన్నాను. ఆమె నా భుజం మీద చెయ్యి వేసి, "ఆయ్, వెళ్ళి కూర్చోమ్మా," అంది.

పెద్దయ్యాక మేడం అన్న ఆ మాట కోసం నిఘంటువులు తిరగేశాను. ఫ్రెంచివాళ్ళు దాన్ని లాటిన్ నుంచి తెచ్చుకున్నారట. అక్కడ అది 'ఇంటి యజమానురాలు'. ఇంగ్లీషువాళ్ళు తమ రాణినీ ఆ మాటతోనే పిలుచుకున్నారు. మలయాళంలోకి వెళ్ళి అది 'మదామ్మ' అయి, తెల్లజాతి స్త్రీ అనే అర్థం తెచ్చుకుంది. మన దగ్గర పాఠాలు చెప్పే ఆవిడ అయింది.

అంత చేసిన మామ్మ, టీచరు తల్లిని మాత్రం చివరిదాకా 'ఒసే' అనే పిలిచింది. ఎందుకలా అని ఒకసారి అడిగేశాను. "ఈ వయసులో నా నాలిక అంతకంటే తిరగదే," అంది.

మామ్మ పెద్దకర్మ నాటికి నేను ఇంటర్ చదువుతున్నాను. టీచరు తల్లి వచ్చి, చుట్టాలందరికీ దూరంగా మా పెరట్లో నిలబడి ఉంది. నేను దగ్గరికి వెళ్ళి, "లోపలికి రండి పిన్నిగారూ, భోంచేద్దురుగాని," అన్నాను. నేనెవరిని పిలుస్తున్నానో అని ఆమె వెనక్కి తిరిగి చూసింది. అక్కడ ఎవరూ లేరు.

నేనూ టీచరుగా పనిచేసి రిటైరయ్యాను. ఎంతమంది పిల్లలు మేడం అని పిలిచారో లెక్కలేదు. ఎవరు అలా పిలిచినా నాకు ముందు కళ్ళలో మెదిలేది, వెనక్కి తిరిగి వెతుక్కున్న ఆవిడ ముఖమే.