తాటికమ్మల గంపలో తమ్ముడు

నా చిన్నప్పుడు నన్ను ఒక్కచోట కూర్చోబెట్టగలిగిన మనిషి సిద్దిపేట మొత్తంలో లేరు. అన్నం సగం తిని లేచేదాన్ని. బడిలో పలక మీద సగం రాసి లేచేదాన్ని. "దీని కాళ్లల్ల చక్రాలున్నయే" అని మా అవ్వ, అంటే మా అమ్మ, విసుక్కునేది. ఇప్పుడు మోకాళ్లు అరిగిపోయాయి గానీ ఆ గుణం మాత్రం పోలేదు. ఈ నాలుగు ముక్కలు చెప్పడానికి కూర్చున్నదాన్ని, అప్పుడే ఒకసారి లేచి వాకిట్లోకి పోయి వచ్చాను. సరే, చెప్తాను.

మా పక్కింట్లో ఒక అక్క ఉండేది. మాకంటే చాలా పెద్దది, పెళ్లయి వచ్చిన మనిషి. వాళ్లు ఏసు ప్రభువును నమ్ముకున్నవాళ్లు. మేము కల్లు గీసుకుని బతికేవాళ్లం, ఎల్లమ్మకు బోనం ఎత్తేవాళ్లం. అయినా ఆ గల్లీలో ఏ ఇంటి పిల్లలమైనా ఐతారం, అంటే ఆదివారం, మధ్యాహ్నం అయితే ఆమె అరుగు మీదే ఉండేవాళ్లం, ఎందుకంటే ఆమె బైబిలు కథ చెప్పేది తక్కువ, చేయించేది ఎక్కువ. కోటగోడలు కూలిన కథ అయితే పాత డబ్బాలన్నీ మాతోనే గోడలా పేర్పించి, దాని చుట్టూ నోరు మూసుకుని తిరగమనేది. చివరికి అందరం ఒక్కపెట్టున అరవగానే తనే కాలితో ఒక తన్ను తన్నేది. రొట్టెలు పంచిన కథకు జొన్నరొట్టెలు కాల్చి తెచ్చి, మా చేతికే ఇచ్చి పంచమనేది. పంచేవాడే ముందు తినేస్తే నవ్వేది తప్ప కొట్టేది కాదు. నాలాంటి దానికి అంతకంటే ఏం కావాలి? చేతులకు పని దొరికితే నా కాళ్లు కాసేపు ఊరుకునేవి.

నేను ఒక్కదాన్నే పోయేదాన్ని కాదు. మా చిన్న తమ్ముడు ఎప్పుడూ నా చంకలోనే ఉండేవాడు. వాడికి అప్పటికి ఇంకా కూర్చోవడం కూడా రాదు. ఆ యేడు మా నాయిన తాటిచెట్టు మీది నుంచి పడి నడుము విరిగి మంచాన పడ్డాడు. అవ్వ పొద్దున లేచింది మొదలు చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుట్టేది. వాడికి పాలివ్వడానికి తప్ప తల ఎత్తేది కాదు. మిగిలిన పొద్దంతా వాణ్ణి మోసేది, ఊపేది, ముక్కు తుడిచేది నేనే. వాడు ఏడిస్తే నా గుండె కూడా అదిరేది. అంత ప్రేమ నాకు మళ్లీ నా కడుపున పుట్టినవాళ్ల మీదే కలిగింది.

ఒక ఐతారం అక్క మోషే కథ మొదలుపెట్టింది. చెడ్డ రాజు ఒకడు పుట్టిన మగపిల్లల్నందరినీ చంపిస్తుంటే, ఒక తల్లి తన బిడ్డను ఎన్నాళ్లో దాచి, ఇక దాచలేక గంపలో పెట్టి ఏటి ఒడ్డున తుంగలో వదిలేసింది. ఆ పిల్లవాడి అక్క దూరంగా నిలబడి, ఏమవుతుందో చూసింది. స్నానానికి వచ్చిన రాజుగారి కూతురు ఆ గంప తెరిచి జాలిపడింది. అప్పుడు ఆ పిల్లవాడి అక్క ఆమె దగ్గరికి పోయి, వీడికి పాలిచ్చే తల్లి ఎవరినైనా పిలుచుకు రమ్మంటారా అని అడిగి, పరుగున పోయి కన్నతల్లినే తీసుకొచ్చింది. మా పక్క గల్లీ నుంచి వచ్చే తురకల అమ్మాయి మధ్యలోనే చెయ్యెత్తి, "మా ఇంట్ల గూడ ఉన్నది గీ కథ! మేం మూసా అంటం" అంది. అక్కకు ఎంత సంతోషమో! ఆ పూట మిగిలిన కథ ఆ అమ్మాయితోనే చెప్పించింది.

ఇక పని మొదలైంది. మా ఇంట్లో పడి ఉన్న తాటికమ్మలు నేను ఈడ్చుకొచ్చాను. అందరం తలా ఒక చెయ్యి వేసి గంప అల్లాం. అల్లింది సగం అక్కేలెండి, మేము గీరుకుపోయిన వేళ్లు చీక్కుంటూ అటూ ఇటూ లాగాం. లోపల బంకమట్టి మెత్తి, రోడ్డు పని దగ్గర అడుక్కొచ్చిన డాంబరు బయట పూశాం. ఆ నలుపు వదలక ఇంట్లో ప్రతి పిల్లకూ వీపు మోగింది. తర్వాతి వారం ఒక సొరకాయకు కాటుకతో కళ్లు పెట్టి, దాన్ని గంపలో పడుకోబెట్టి, బర్లు నీళ్లు తాగే తొట్టిలో వదిలాం. మునగలేదు! మేము ఎగిరిన ఎగురుడుకు అరుగు కూలలేదు, అదే ఎక్కువ.

నాకు రాజుగారి బిడ్డ వేషం కావాలని ఉండింది. అక్క నాకు మోషే అక్క వేషం ఇచ్చింది. అంటే ఊరికే నిలబడాలి. నా వల్ల అవుతుందా? గంప కాస్త పక్కకు ఒరగగానే ఉరికి పోయి సొరకాయను ఎత్తేసేదాన్ని. మళ్లీ మొదటికి. మిగతా పిల్లలు తలలు బాదుకున్నారు. అక్క నా భుజం మీద చెయ్యి వేసి, "నీ పని నిలవడుడే బిడ్డా. గదే అందరి పనికన్న కష్టం" అంది. నిలబడితే కష్టమేమిటో నాకు అర్థం కాలేదు. నాకు ఒళ్లు మండింది, అంతే.

ఆ వారంలోనే ఇంట్లో ఆ మాట నా చెవిన పడింది. మిరుదొడ్డిలో మా పెద్దమ్మ ఉండేది, మా అవ్వకు సొంత అక్క. పిల్లలు లేరు. రెండు బర్లు, కాస్త పొలం ఉన్నాయి. తమ్ముణ్ణి ఆమెకు పెంపకానికి ఇచ్చేద్దామని నాయిన మాటిచ్చేశాడట. వచ్చే ఐతారమే ఆమె వచ్చి తీసుకుపోతుందట. మంచి మనిషి, కడుపు నిండా పాలు పోస్తుంది, అది నాకూ తెలుసు. తెలిస్తే మాత్రం? నేను ఇల్లెక్కి అరిచాను. చెంబు విసిరికొట్టాను. నాయిన మంచంలో నుంచే, "చిన్నపొల్లవు, నీకేం తెలుస్తది? గీడుంటె ఆగమైతడు, ఆడుంటె బతుకుతడు. ఊకో" అన్నాడు. అవ్వ బీడీలు చుడుతూనే ఉంది. ఒక్క మాట అనలేదు. నాకు నాయిన మీద కంటే అవ్వ మీదే ఎక్కువ కోపం వచ్చింది. ఆ నాలుగు రోజులూ కాలు గాలిన పిల్లిలా ఇంటికీ గల్లీకీ మధ్య తిరిగాను. అన్నం దిగలేదు. వాణ్ణి ఎత్తుకుంటే దింపబుద్ధి కాలేదు.

ఐతారం పొద్దున పెద్దమ్మ బస్సు దిగే వేళకు వంట కావాలని, వాణ్ణి కాసేపు బయట ఆడించమంది అవ్వ. పక్కింటి అక్క వాళ్లు ప్రార్థనకు పోయారు. అరుగు మీద ఆ గంప ఉంది. అంతే, నా బుర్రలో కథ తిరిగింది. గంపలో పాత చీర పరిచి, నిద్రపోతున్న తమ్ముణ్ణి దాంట్లో పెట్టి, నెత్తిన ఎత్తుకుని కోమటి చెరువుకు నడిచాను. ఇప్పటి చెరువును చూసినవాళ్లకు చెప్తే నమ్మరు. ఇప్పుడు అక్కడ దీపాలు, పడవలు, తీగల వంతెన, సాయంత్రమైతే జనం. అప్పుడు ఒడ్డంతా బురద, తుంగ. ఆ తుంగలోకి గంప తోసి, వచ్చి దూరంగా నిలబడ్డాను. పెద్దమ్మ వస్తుంది, పిల్లవాడు కనబడడు, సాయంత్రం బస్సుకు ఉత్త చేతులతో పోతుంది. నా లెక్క అది. ఎంత తెలివి చూడండి!

కాసేపటికి బర్ల మంద ఒకటి నీళ్లలోకి దిగింది. తుంగ కదిలింది, గంప ఊగింది. వాడు లేచి గుక్కపట్టి ఏడ్చాడు. నేను ఉరికాను. ఉరికిన చోటే మోకాళ్ల దాకా బురదలో దిగబడ్డాను. లాగితే కాలు రాదు. ముందు వాడి ఏడుపు, పక్కన బర్ల రొప్పుడు. ఆ భయం ఇప్పటికీ నా అరికాళ్లలో ఉంది. అంతలో నా వెనక నుంచి చీర మోకాళ్ల పైకి దోపుకుని పక్కింటి అక్క దిగింది. బర్లను అదిలించి, ముందు వాణ్ణి అందుకుంది. తర్వాత నా రెక్క పట్టి గుంజింది. నేను నెత్తిన గంపతో చెరువు వైపు పోవడం మూసా కథ చెప్పిన ఆ అమ్మాయి చూసి, ఆగకుండా ప్రార్థన జరిగే చోటికే పరుగెత్తి చెప్పిందట.

ఒడ్డుకు వచ్చాక అక్క నా వైపు తిరిగింది. ఒక దెబ్బ వేస్తుందనుకున్నాను. వేస్తే బాగుండు అనుకున్నాను. వాణ్ణి గుండెకు ఆనించుకుని, ఏడుపు ఆగేదాకా వీపు నిమిరింది. నేను వెక్కుతూ జరిగిందంతా చెప్పాను. అంతా విని, "కథల అక్క ఏం జేసింది?" అని అడిగింది.

"నిలవడ్డది."

"నిలవడి?"

"అడిగింది," అన్నాను.

"మరి నువ్వు ఎవలనన్న అడిగినవా? ఒర్రినవ్, ఉరికినవ్, పిలగాన్ని గిట్ల తెచ్చినవ్. అడిగినవా బిడ్డా?"

లేదు. నేను అడగనే లేదు. ఇంత దూరం ఉరికానే గానీ, ఎవరినీ ఏమీ అడగలేదు.

తమ్ముణ్ణి నా చేతికిచ్చి, అక్క మా ఇంటి దాకా వచ్చింది. గడప మాత్రం దాటలేదు. వాకిట్లోనే దూరంగా నిలబడింది. లోపల పెద్దమ్మ అప్పటికే వచ్చి కూర్చుంది. కొత్త అంగీలు, కాళ్లకు వెండి కడియాలు తెచ్చింది. నన్ను చూడగానే నాయిన, "ఏడికి వోయినవే? గీ బురదేంది?" అని కసిరాడు. నోరు తెరిస్తే ఏడుపే వచ్చేలా ఉంది. మొదటిసారి నేను కదలకుండా నిలబడ్డాను. నిలబడి చూశాను. నాయిన మాట్లాడుతున్నాడు. పెద్దమ్మ మాట్లాడుతోంది, ఉయ్యాల ఎక్కడ కట్టిందో, ఏ బర్రె పాలు పోస్తుందో చెబుతోంది. మా అవ్వ మూలకు కూర్చుని తమ్ముడి బట్టలు మూట కడుతోంది. ఒకే చిన్న అంగీని మడతపెడుతోంది, విప్పుతోంది, మళ్లీ మడతపెడుతోంది. అన్ని రోజులూ నేను ఇంట్లో ఉరికాను గానీ మా అవ్వ ముఖం చూడనేలేదని అప్పుడు తెలిసింది. నా కోపమంతా ఎటు పోయిందో పోయింది.

దగ్గరికి పోయి, "అవ్వా, తమ్మున్ని ఇస్తవా అని నిన్నెవలన్న అడిగిన్రా?" అన్నాను.

అవ్వ అంగీ మడవడం ఆపి, "అడగలే" అంది.

పెద్దమ్మ తెల్లబోయింది. "నీ ఇష్టంతోటే అని చెప్పిండు గదనే చెల్లె మీ ఆయన! ఇస్తవా, ఇయ్యవా, నువ్వు చెప్పు."

అవ్వ ఆ అంగీని రెండు చేతులతో పట్టుకుని, "నేనియ్య అక్కా. పస్తులున్న సరే. నేనియ్య" అంది. అని, అంతకాలం ఆపుకున్న ఏడుపు ఒక్కసారిగా ఏడ్చింది. నాయిన గోడ వైపు తిరిగి, "పిలగాడు బతుకుతడనే గదనే అన్న..." అంటూ తనూ ఏడ్చాడు. నేను తమ్ముణ్ణి అవ్వ ఒళ్లో పెట్టేశాను. వాడు బురద కాళ్లతోనే పాలకు ఎగబడ్డాడు.

పెద్దమ్మ గురించి కూడా చెప్పాలి, చెప్పకపోతే పాపం. ఆమె చాలాసేపు తన ఉత్త చేతులు చూసుకుంటూ కూర్చుంది. తర్వాత లేచి, తడిగుడ్డతో తమ్ముడి కాళ్లు తుడిచి, తెచ్చిన కడియాలు వాడికే తొడిగింది. కొన్నాళ్లు మా ఇంట్లోనే ఉండి, అవ్వతో పాటు బీడీలు చుట్టి, నాయిన కర్ర పట్టుకుని నాలుగడుగులు వేసేదాకా ఆసరాగా నిలిచింది. బస్సు ఎక్కే రోజు నేను ఆమె ముఖం చూడలేకపోయాను. ఆమే నా గడ్డం పట్టుకుని, "మంచిగ అడిగినవ్ బిడ్డా. తెల్వక తీస్కపోతే మా చెల్లె ఉసురు నాకు తగలకపోవునా?" అంది. అన్నది గానీ, బస్సు కదిలాక కొంగు కళ్లకు ఒత్తుకోవడం నేను చూశాను. ఒకరి ఒడి నిండితే ఇంకొకరి ఒడి ఖాళీ అయింది. ఆ బాధ నాలో ఒక మూల అలాగే ఉంది, పోదు.

అడగనిదే అమ్మైనా పెట్టదంటారు. మరి ఆ అమ్మను ఎవరు అడగాలి? ఈ వయసులో నేను చేసే పని అదొక్కటే. ఇంట్లో నలుగురు కూర్చుని ఒకరి గురించి ఏదైనా తేల్చేస్తుంటే నాకు కాలు నిలవదు. పెళ్లి కానీ, చదువు కానీ, దవాఖానలో ఆపరేషన్ కానీ. గట్టిగా మాట్లాడేవాళ్లను వదిలేసి, ఏ మూల ఎవరు నోరు విప్పకుండా ఉన్నారో వెతుక్కుంటూ పోతాను. పోయి, వాళ్లను అడుగుతాను. "ఈ ముసలిదానికి అన్నీ గావాలె" అని మనవలు ఎగతాళి చేస్తారు. చేయనీ. ఆ రోజు ఎవరూ అడగకపోతే మా అవ్వ ఆ మూట కట్టి ఇచ్చేసి, 'నేనియ్య' అన్న మాటను కడుపులోనే పెట్టుకుని, చచ్చేదాకా బీడీలు చుట్టుకుంటూ ఉండేది. అది గుర్తొస్తే చాలు, ఇప్పటికీ నాకు కూర్చోబుద్ధి కాదు.