పెరట్లో సర్కారువారి గోనెలు

ఆ రోజుల్లో సర్కారు పని పూర్తి కావడం ఒక ఎత్తు, దాని ఫైలు మూయడం ఒక ఎత్తు. రేపల్లె రోడ్డు మీద కల్వర్టు పూర్తయి, దాని మీదుగా బస్సులు పోతున్నా, పిల్లలు పిట్టగోడెక్కి జామకాయలు కొరుకుతున్నా, తెనాలిలో మా ఆఫీసు దృష్టిలో ఆ కల్వర్టు ఇంకా పూర్తి కాలేదు. కారణం ఖాళీ సిమెంటు సంచులు. సిమెంటు సర్కారు ఇచ్చేది గనక గోనెలూ సర్కారువే. కంట్రాక్టరు వాటిని దులిపి, మడతపెట్టి తిరిగి అప్పగించాలి. (లోపలి సిమెంటు ఏమైందని మాత్రం ఎవరూ అంత పట్టుగా అడిగేవారు కాదు.)

ఆ ఫైలు నా బల్ల మీదే ఉండేది. నాకు కొత్తగా పెళ్ళయింది. మా ఆవిడ బాపట్లలో టీచరు. నాకూ అక్కడికే బదిలీ అయింది గానీ, హెడ్డు గుమాస్తాగారు వదిలితేగా! "కల్వర్టు ఫైలు మూసెయ్యవయ్యా, ఆ పూటే రిలీవ్ చేయిస్తా. ఆరు సంచులు తక్కువున్నాయిగా?" అని పొడుం పీల్చేవారు. కంట్రాక్టరు నందివెలుగు మనిషి, నాకు వరసకు బాబాయ్. అయినా ఆఫీసు ఉత్తరంలో వరసలేంటి? తగు చర్య తీసుకోబడునని ఘాటుగా రాసి పడేశాను.

ఆ ఆదివారమే ఆయన సైకిలేసుకుని మా ఇంటికొచ్చాడు. "ఏంట్రా అబ్బాయ్, నా మీద చర్య తీసుకుంటావా? పద పెరట్లోకి!"

బావి పక్కన మా స్నానాల గది. నాలుగు వెదురు బొంగులు, చుట్టూ అమ్మ కుట్టిన గోనె పరదా. నా పెళ్ళికొచ్చిన ఆడవాళ్ళ కోసం ఆ ఆరు గోనెలూ బాబాయ్‌నడిగి తెప్పించుకుందట. రోజూ ఆ పరదా చాటునే వీపు రుద్దుకుని, ఆఫీసుకెళ్ళి ఆ సంచులే ఎక్కడని నిలదీశానన్నమాట! "పెళ్ళింటికిచ్చినవి వదిన్నెట్టా అడుగుతానురా?" అన్నాడాయన.

పరదా మీద చెయ్యేశానో లేదో అమ్మ అడ్డమొచ్చింది. "బాగానే ఉంది సంబడం! నేనెక్కడ నీళ్ళు పోసుకోను? మీ ఆఫీసు వరండాలోనా?"

"బాపట్ల వెళ్ళాలమ్మా," అన్నాను. సిగ్గేంటి, నిజంగానే ఏడుపొచ్చింది. అమ్మ నాకేసి చూసి, "కత్తెర తేరా," అంది.

సోమవారం హెడ్డు గుమాస్తాగారు సంచి వాసన చూశారు. "సున్నిపిండి వాసనొస్తోందేంటయ్యా?"

"మేలు రకం సిమెంటండి," అన్నాడు బాబాయ్, చేతులు కట్టుకుని. ఫైలు మూశారు. ఆ సాయంత్రమే బాపట్ల రైలెక్కాను.

నెల తిరక్కుండా బాబాయ్ బాపట్లకి ఒక మూట మోసుకొచ్చాడు. ఆఫీసువాళ్ళు ఖాళీ సంచులు వేలం వేస్తే, అమ్మ ఆయన చేత పాడించిందట. ఆ గోనెలే మళ్ళీ పరదాగా కుట్టి, అంచుకు పాత చీర జరీ వేసింది. "కోడలి పెరట్లో చాటు లేదని అమ్మకు రాశావుగా," అన్నాడు. మరి అమ్మకో? ఆ బొంగుల చుట్టూ పాత చీరలు కట్టుకుందట. మా ఆవిడా నేనూ ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం.

వేసవి సెలవుల్లో వెళ్ళి, బాబాయ్ చేతే అమ్మకు ఇటుకల గది కట్టించాను. ఖాళీ అయిన సిమెంటు సంచి చేతిలో పట్టుకుని అమ్మ నవ్వింది. "ఇది ఎవరికి అప్పగించాలిరా?"

"ఇది మనదేనమ్మా," అన్నాను.

అన్నానే గానీ, దులిపి మడతపెట్టే ఇచ్చాను. రిటైరై ఇన్నేళ్ళయినా ఖాళీ గోనె కనబడితే ఈ చెయ్యి ఊరుకోదు. దులుపుతూ ఒకసారి వాసన కూడా చూస్తాను.