సముద్రం కనిపించే గది

మా అత్తగారింట్లో సముద్రాన్ని చూసినవాళ్ళు ఒక్కరూ లేరు. అయినా సముద్రానికి ఎంత దూరంలో పడుకోవాలన్న విషయం మీద మాత్రం అందరికీ గట్టి అభిప్రాయాలుండేవి. నా పెళ్ళయిన రెండో నెలలో, కరీంనగర్‌లోని ఆ ఇంట్లో వారం రోజులపాటు నడిచిన చర్చ అదే. నన్ను తప్ప అందరినీ అడిగారు. వెళ్ళాల్సింది మాత్రం నేనూ, మా ఆయనా.

దీనికంతటికీ మూలం మా ఆయన ఆఫీసులోని హెడ్ క్లర్కు. ఆంధ్రా, హైదరాబాదు రాష్ట్రాలు ఒకటయ్యాక కోస్తా నుంచి మా ఊరికి బదిలీ మీద వచ్చిన మనిషి. ఫైళ్ళకంటే ముందు మావాళ్ళ తెలుగు దిద్దేవాడు. "వచ్చిండు కాదయ్యా, వచ్చాడు" అని ఆయన అంటే, మా ఆయన చేతులు కట్టుకుని "వచ్చాడండి" అనేవారట. నేతపని ఇంట్లో పుట్టి ఆఫీసు కుర్చీ ఎక్కిన మొదటి మనిషి మా ఆయన. ఆ భాష ఆయనకు కొత్త చొక్కాలా నచ్చింది. సాయంత్రం ఇంటికి రాగానే గడప దగ్గర చెప్పులతోపాటు దాన్నీ విడిచి లోపలికి వచ్చేవారు.

"కొత్తగా పెళ్ళయినవాళ్ళు సముద్రం ఒడ్డుకి వెళ్ళాలోయ్. దాన్నే హనీమూన్ అంటారు" అని ఆ పెద్దమనిషి ఒకరోజు సెలవిచ్చాడు. ఆ మాట మా ఆయన ఇంటికి మోసుకొచ్చారు.

"గదేం పండుగరా? మన దిక్కు జెయ్యరు గదా?" అంది మా అత్త.

"పండుగ కాదవ్వా. పెండ్లయినోళ్ళు ఇద్దరే పోయి నాలుగు రోజులుండి వచ్చుడు."

"ఇద్దరే పోయి ఏం జేస్తరు?"

మా ఆయన చెవులు ఎర్రబడ్డాయి. లోపల మగ్గం చప్పుడు ఆగింది. మా మామ గట్టిగా దగ్గి, బయటికి వచ్చి, చర్చను మర్యాదైన దారిలో పెట్టాడు. ఏం చేస్తారన్నది వదిలేసి, ఎక్కడ దిగుతారన్నది పట్టుకున్నాడు.

"సముద్రం ఒక్కతీరుగ ఉండదట. పొద్దుగాల ఈడుంటే మాపటికి ఆడుంటదట. మైలు దూరంల దిగుండ్రి. మేడ మీది అర్ర అయితె ఇంకా మంచిది" అన్నాడాయన. జీవితంలో ఆయన చూసిన పెద్ద నీళ్ళు వానాకాలపు మానేరు.

"లాడ్జీ గీడ్జీ వద్దు. సత్రంల దిగుండ్రి, పొయ్యి ఉంటది. ఎవ్వలు వండిండ్రో తెల్వని కూడు తిని మైల పడుతరా?" అంది అత్త.

మా ఆయనకు ఈ రెండూ నచ్చలేదు. మంచం మీద నుంచే సముద్రం కనిపించాలని ఆయన పట్టుదల. మూడు లాడ్జీలకు తన కొత్త తెలుగులో ఉత్తరాలు రాశారు. ఒక్కోటి రాసి హెడ్ క్లర్కుకు చూపించి, దిద్దించుకుని, మళ్ళీ చక్కగా రాసేవారు. ఆయన మూడింటినీ ఓపికగా దిద్ది, చివరికి, "ఇవన్నీ ఎందుకోయ్, విశాఖపట్నంలో మా బావమరిదికే లాడ్జి ఉంది" అన్నాడు. బావమరిది నుంచి జవాబు కూడా వచ్చింది: 'కిటికీ తెరిస్తే సముద్రమే.' ఆ వాక్యం మా ఆయన రోజుకు నాలుగుసార్లు చదివేవారు.

అత్త నన్ను అడిగింది ఒక్కటే, దారికి పచ్చడి సంగతి. "పిల్లా, తొక్కు ఎంత కట్టాలె?"

పెద్దపల్లిలో రైలెక్కి, బెజవాడలో బండి మారి, విశాఖపట్నం స్టేషనైన వాల్తేరులో దిగాం. దారి పొడుగునా మా ఆయన కిటికీ వైపు తిరిగి పెదవులు కదిలిస్తుంటే జపం అనుకున్నాను. కాదు, లాడ్జిలో మాట్లాడబోయే మాటలు వల్లె వేసుకుంటున్నారు.

లాడ్జి బావమరిది మమ్మల్ని కింది నుంచి పైదాకా చూశాడు. "నైజాం వాళ్ళా? తెలుగొచ్చా?" అన్నాడు.

"వచ్చునండి. చక్కగా వచ్చునండి" అన్నారు మా ఆయన.

గది చూపించాడు. నేనే వెళ్ళి కిటికీ తెరిచాను. జానెడు దూరంలో ఒక గోడ. గోడ అవతల నుంచి ఎండుచేపల వాసన.

"సముద్రమేదీ?" అన్నాను.

"ఆ గోడ వెనకాలేనమ్మా. ఎక్కడికి పోతుంది?" అన్నాడు బావమరిది.

నేను మా ఆయన వైపు చూశాను. ఆయన కాసేపు గోడను శ్రద్ధగా పరిశీలించారు. తర్వాత గొంతు సవరించుకుని, రైల్లో వల్లె వేసిందంతా ఒక్క క్షణంలో మరిచిపోయి, "జర గోడ లేని కమ్రా ఏమన్న ఉన్నదా అన్నా?" అన్నారు. రెండు నెలల సాధన అలా నేలపాలైంది. బావమరిది పడీపడీ నవ్వాడు. అక్కడున్న ఇంకో ఇద్దరిని పిలిచి, "ఏదీ, మళ్ళీ అనండి బాబూ" అన్నాడు. ఇంతకంటే సిగ్గుచేటు, మా ఆయన కూడా వాళ్ళతో కలిసి నవ్వారు.

నాకు ఒళ్ళు మండింది. పెట్టె తీసుకుని మెట్లు దిగాను.

"ఏడికి పోతున్నవ్? హెడ్ క్లర్కు సారుకు ఏం జెప్పాలె?" అంటూ వెంటపడ్డారు.

"గోడ మంచిగున్నదని జెప్పుండ్రి" అన్నాను.

ఒడ్డుమీద ఒక టీ బండి దగ్గర ఆగి మేమిద్దరం గట్టిగానే పోట్లాడుకున్నాం. బండి నడిపే గడ్డపు ముసలాయన గ్లాసు తుడవడం ఆపి విన్నాడు. "ఏ ఊరు బిడ్డా మీది?" అన్నాడు. ఆ 'బిడ్డా' వినగానే నాకు ఏడుపొచ్చినంత పనైంది. చెప్పాను. "అరె, మాది జగిత్యాలే! బందర్గాల, గదే ఓడల రేవుల, పనికొచ్చి ఈన్నే పడిపోయిన. ఏం ఫికర్ జెయ్యకుండ్రి" అని, వెనక్కి తిరిగి భార్యను కేకేశాడు. బండి వెనకాలే వాళ్ళ పెంకుటిల్లు. కొడుకు ఓడ మీద పనిలో ఉన్నాడట, అతని గది ఖాళీగా ఉంది. దాని తలుపు తీస్తే ఇసుక, ఇసుక అవతల సముద్రం.

మా ఆయన గుమ్మం దగ్గర ఆగారు. "తుర్కోళ్ళ ఇల్లు. అవ్వకు తెలిస్తే?" అని నా చెవిలో అన్నారు.

"అవ్వతోని వచ్చినవా, నాతోని వచ్చినవా?" అన్నాను. పెళ్ళయ్యాక ఆయన్ను 'నువ్వు' అనడం అదే మొదటిసారి. చెప్పులు విప్పి లోపలికి వచ్చారు.

నాలుగు రోజులున్నాం, ఆ ఇంటి వంటే తిన్నాం. ఆ ముసలమ్మ అంత సముద్రాన్ని ఎదురుగా పెట్టుకుని, "మానేరుల నీళ్ళున్నయా?" అని నన్ను రోజూ అడిగేది. మా ఆయన ఆ నాలుగు రోజులూ ఒక్కసారి కూడా 'అండి' అనలేదు. ముసలాయనతో కూర్చుని ఉర్దూ, తెలుగు కలిపి హాయిగా కబుర్లు చెప్పారు. నేను పెళ్ళి చేసుకున్న మనిషి ఇతనే అయితే ఫరవాలేదనుకున్నాను.

తొందరపడ్డాను. కరీంనగర్ చేరగానే ఆ మనిషి మాయమయ్యాడు. వాళ్ళమ్మతో సత్రంలో దిగామన్నారు. నాన్నతో మైలు దూరంలో మేడ మీద అన్నారు. మర్నాడు ఆఫీసుకు వెళ్ళి, కిటికీ తెరిస్తే సముద్రమేనండి అని కృతజ్ఞతలు చెప్పి వచ్చారు. బావమరిది అసలు సంగతి అప్పటికే రాసేశాడట. హెడ్ క్లర్కు అంతా విని, "జర కూర్చోవయ్యా" అన్నాడట. ఆఫీసంతా నవ్విందట. ఆ వేళ ఇంటికొచ్చి అన్నం తినలేదు. నేను బతిమాలలేదు.

రెండు రోజుల తర్వాత, పెరట్లో గిన్నెలు తోముతూ, మా అత్తకు ఉన్నదున్నట్టు చెప్పేశాను. ఆమె నన్ను తేరిపార చూసింది. తిట్టలేదు. మేము తీసుకెళ్ళిన ఇత్తడి చెంబును నా చేతిలోంచి లాక్కుని, బూడిద వేసి ఒకసారి, చింతపండు వేసి ఒకసారి, మళ్ళీ బూడిద వేసి ఒకసారి తోమింది. కడిగి బోర్లించాక చేతులు తుడుచుకుంటూ మామ మగ్గం ఉన్న వైపు చూసి, గొంతు తగ్గించింది.

"ఇంతకు ఆయమ్మ కూరలేం వండిందే?"