ఒకే ముల్లు, రెండు కిన్లు

అ-సియాన్ జాడీ మూత తీసి ముక్కు మూసుకుంది. ఇరవై కిన్ల తూకం ప్లమ్ కాయల మీద తెల్లటి బూజు! నలభై ఏళ్ళుగా ఊరగాయ పెడుతోంది, ఏనాడూ ఇలా కాలేదు. ఈసారి మోకాళ్ళ నొప్పుల వల్ల పని కోడలికి అప్పగించింది. మూడు కిన్ల ఉప్పు వెయ్యమని మరీ మరీ చెప్పింది కూడా.

కోడలు హూయ్-చిన్ సముద్రం అవతలి చ్వాన్‌చౌ ఊరి పిల్ల. భాష తమదే, యాసా తమదే, అందుకే చేసుకున్నారు. బజారు నుంచి తెచ్చినవన్నీ సరిగ్గానే ఉంటాయి. ఇంట్లో ఆమె తూచి తీసినవే తక్కువొస్తాయి. కొత్త సంవత్సరానికి పది కిన్ల బియ్యం తియ్యమంటే, పిండివంట అందరికీ చాలనేలేదు. మిగతాది పుట్టింటికి చేరవేస్తోందా? మొన్న ఆమె స్నానానికెళ్ళినప్పుడు అ-సియాన్ ఆమె పెట్టె వెతికింది. రెండు స్వెట్టర్లు, వాళ్ళమ్మ ఫోటో, అంతే. ఏమీ దొరక్కపోయేసరికి అనుమానం రెట్టింపయింది. ఎంత గడుసుది!

ఇవాళ కొడుకు లారీ దిగగానే దీన్ని పంపించెయ్యమని చెప్పాలి. దానికి ముందు రుజువు కావాలి.

"ఏమే, మూడు కిన్ల ఉప్పు తూచు. నా కళ్ళ ముందే!"

హూయ్-చిన్ గడియారంలా గుండ్రటి ముఖమున్న ముల్లు తక్కెడ పళ్ళెంలో ఉప్పు పోసింది. ముల్లు ఆగింది.

"ఇదిగో అత్తయ్యా, మూడు."

"కళ్ళు పోయాయా? రెండున్నరే కదే!"

"కిలోన్నర ఉంది కదండీ. అంటే మూడేగా?"

అ-సియాన్ వంగి చూసింది. తక్కెడ ముఖం మీద రెండు అంకెల వలయాలు. తను ఇన్నేళ్ళూ చూసింది లోపలిది, కిన్లది. కోడలు చూస్తోంది బయటిది, కిలోలది.

"కిన్ అంటే ఆరు వందల గ్రాములే!"

"మా ఊళ్ళో ఐదు వందలే అత్తయ్యా. పుట్టినప్పట్నుంచీ అంతే."

అ-సియాన్‌కు గుండెల మీద బరువు దిగిపోయింది. పకపకా నవ్వేసింది.

"అయితే నువ్వు దొంగవి కాదన్నమాట!"

అన్నాక నాలుక కరుచుకుంది. హూయ్-చిన్ నవ్వలేదు. ఉప్పు మళ్ళీ సంచిలోకి ఒంపుతూ అడిగింది.

"మొన్న నా పెట్టెలో మా అమ్మ ఫోటో తిరగేసి ఉంది. ఆ పెట్టె సర్దింది మీరేనా?"

వాకిట్లో లారీ హారన్ మోగింది. హూయ్-చిన్ చేతులు దులుపుకుని గుమ్మం వైపు నడిచింది. మోకాళ్ళు పట్టేసిన అ-సియాన్, ఆమె కంటే ముందు కొడుకు దగ్గరికి చేరలేకపోయింది.