సైరన్ మోగంగనే గోలీ

మా ఇంట్ల గోడ గడియారం ఆగి శానా దినాలైంది. సెల్ వేస్తమంటే నేనే వద్దన్న. పటేల్‌గూడల పొద్దున ఎనిమిదింటికి ఫ్యాక్టరీ సైరన్ మోగుతది. ఊరంతటికి ఇనవడేది ఒకటి ఉన్నంక గోడకు ఇంకోటి ఎందుకు?

మా ఆయనకు షుగర్ గోలీ ఇచ్చేది గూడ ఆ సైరన్ తోనే. ఆయనకు కండ్లు సక్కగ అగుపడవు. నేను రెండో తరగతి దాకనే పోయిన గని అక్షరాలు కూడవెట్టుకొని సదువుత. అందుకే గోలీల డబ్బా నా దగ్గర ఉంటది. సైరన్ మోగుతది, నేను గోలీ ఇస్త, ఆయన మింగుతడు, ఎన్కనే నాష్ట. ఏండ్ల సంది ఇదే తీరు.

ఆ దినం గూడ ఎనిమిదింటికి గోలీ ఇచ్చి ఉప్మా పెట్టిన. ఆయన నాలుగు బుక్కలు తిని పళ్లెం పక్కకు జరిపిండు. నేను చింతపండు ముంగట వేసుకొని గింజలు తీస్తున్న. కొంతసేపటికి సైరన్ మోగింది. లేసిన, చేతులు కడుక్కున్న, గోలీ తీసి ఇచ్చిన. ఆయన మింగిండు. మళ్ల వచ్చి చింతపండు కాడ కూసున్న. మంట అంటుకుంటే మనుషులు ఎట్ల బయటికి ఉరకాలెనో నేర్పుతందుకు ఫ్యాక్టరోళ్లు ఆ పొద్దు రెండోపారి మోగించిన్రట. నాకేం తెలుసు?

పొద్దెక్కినంక ఆయన కుర్చీల ఒక పక్కకు ఒరిగిండు. అంగి చెమటకు తడిసిపోయింది, చేతులు వణుకుతున్నయ్. పిలిస్తే ఊఁ అంటున్నడు గంతే. మా కోడలు గోలీల ఫ్యాక్టరీల ప్యాకింగ్ పనికి పోతది. ఆ దినం రెండో షిఫ్ట్ గావట్టి ఇంట్లనే ఉంది. ఉరికొచ్చి సూసి, "అత్తమ్మా, మామకు షుగర్ పడిపోయింది. జల్దీ చక్కెర నీళ్లు కలుపు" అన్నది. తాగించి, ఆటోల పటాన్‌చెరు దవాఖానకు తీస్కపోయినం.

"ఇయ్యాల గోలీలు ఎన్ని వేసిన్రు?" అని డాక్టరమ్మ అడిగింది.

"ఒక్కటే" అన్న. ఒట్టు పెట్టుమంటే పెడుదును.

కోడలు సంచిలకెల్లి గోలీల పత్తా తీసింది. అది ఆ పొద్దున్నే మొదలువెట్టిన కొత్త పత్తా. రేకు చినిగి రెండు గోలీల గుంతలు ఖాళీగున్నయ్. నేను పత్తా గుంజుకొని ఏలుతోటి మళ్ల లెక్కవెట్టిన, రెండే. ఆ గోలీ ఒంట్ల శానాసేపు పనిచేస్తదట, షుగర్ మళ్ల పడొచ్చని తెల్లారిందాక ఆయనను అక్కడనే పండవెట్టుకున్నరు.

జెర తేరుకున్నంక అడిగిన. "రెండోది ఇస్తుంటే నోరు లేదా నీకు? ఒకటి మింగిన అని చెప్పొద్దా?"

"చెప్తే ఊకుంటవా? నాకు తెల్వదా, నువ్వు నాకు చెప్తవా అని లేస్తవ్. నీతోటి కొట్లాడే బదులు మింగుడే సులువు."

కోడలు మొగం అటు తిప్పుకొని నవ్వింది. నాకు నవ్వు రాలే.

ఇంటికొచ్చినంక కోడలు, "ఇగ డబ్బా నేను సూస్కుంట అత్తమ్మా" అన్నది.

"నీ షిఫ్ట్ మారినప్పుడల్లా మామ షుగర్ గూడ షిఫ్ట్ మారుతదా?" అన్న. డబ్బా ఇయ్యలే. కానీ భయం పట్టుకున్నది. ఇంకోపారి గిట్లయితే మనిషి దక్కుతడో లేదో.

భయం ఒకటి, అసలు ఎట్లయింది అనేది ఇంకోటి. లేసింది నేనే, ఇచ్చింది నేనే. మరి నాకు యాదికెందుకు లేదు? కండ్లు మూసుకొని సూస్తే గోలీ ఇచ్చుడు అగుపడుతది. కానీ అది నిన్నటిదో, మొన్నటిదో, ఇయ్యాల్టిదో తెల్వది. అన్నీ ఒక్క తీర్గనే ఉంటయ్. అదే గ్లాసు, అదే కుర్చీ, అదే చెయ్యి.

పప్పుల ఉప్పు వేసి సూసుకున్న. ఊకె వేసిన దినం, వేసిన్నా లేదా అని నాలిక మీద పెట్టుకోవాల్సి వచ్చింది. వేసేటప్పుడు పక్కింటామెతోటి నల్లా నీళ్ల కోసం కొట్లాడిన దినం, ఎంత వేసిన్నో గూడ యాదుంది. ఓహో, దినం తీరు ఉన్నది నిలవది, కొత్తది ఉంటే నిలుస్తది అనుకున్న. గోలీ గోలీకి ఎవరితోటి కొట్లాడాలె? అందుకని ఇచ్చేటప్పుడు ఆ దినం కూర పేరు చెప్పుడు మొదలువెట్టిన. "ఇంద, ఇది బీరకాయ గోలీ." "ఇది వంకాయ గోలీ." ఆయన గూడ, "రేపు మటన్ గోలీ వెయ్యి" అని పరాచికాలాడేటోడు. వారం నడిచింది. అంగట్ల బీరకాయ అగ్గువకు దొరికి మూడు దినాలు అదే వండిన. ఇగ నా ఉపాయం అక్కడనే ఖతం.

అప్పుడు కోడలిని అడిగిన. "మీ ఫ్యాక్టరీల లెక్కలేనన్ని గోలీలు గదా, ఏది అయింది, ఏది కాలేదు అని ఎట్ల తెలుస్తది?"

"చేసినోళ్లు ఒకరు సంతకం పెట్టాలె, సూసినోళ్లు ఇంకొకరు పెట్టాలె."

"ఇద్దరు మర్షిపోతే?"

"అనుమానం ఉన్న సరుకును పక్కకు పెట్టి ఎర్ర చీటి అంటిస్తం. తేలేదాక ఎవ్వరు ముట్టరు. మా సూపర్‌వైజర్ అయినా సరే."

"మరి ఇంతకాలం ఇంట్ల ఎందుకు చెప్పలే?"

"నువ్వు అడిగినవా?"

అదీ నిజమే. ఆమె పని మీద ఏం జేస్తదో నేను ఎన్నడు అడగలే, జీతం పడ్డదా అని తప్ప. ఆ ఐతారం ఆమె పెన్ను తీసుకొని పత్తా ఎన్క ఒక్కొక్క గోలీ కాడ తారీఖు రాసింది. తారీఖు నేను సదవాలె, గుంత నిండుగున్నదా లేదా అని ఆయన ఏలుతోటి తడిమి సూడాలె. ఇద్దరం సరే అన్నంకనే నోట్ల వేసుకోవాలె. ఇంట్ల షుగర్ సూసుకునే మిషన్, గడియారానికి సెల్ గూడ తెచ్చింది. ఈసారి నేను అడ్డం చెప్పలే.

మొన్న ఒక దినం తారీఖు సదివిన, ఆయన తడిమిండు, గోలీ తీసిన. గంతల గ్యాస్ బండి వచ్చింది. ఖాళీ బండ ఇచ్చి నిండుది లోపల పెట్టించి వచ్చేసరికి నా చేతిల గోలీ లేదు. గుంత ఖాళీ. గ్లాసుల నీళ్లు సగమే ఉన్నయ్.

"మింగినవా?"

"నాకూ యాదికి లేదు. నువ్వు ఇచ్చినవా?"

కుర్చీ జరిపి సూసిన. ఊడ్సి ఆ దుమ్ము గూడ సెరిగిన. గోలీ దొరకలే. కోడలికి ఫోన్ కొడదామంటే ఫ్యాక్టరీ లోపలికి ఫోన్ పోనియ్యరు. ఇయ్యలే అని గట్టిగ చెప్పి ఇంకోటి తీసియ్యబుద్ధయింది. ఇగ ఆగి, దవాఖానకు ఫోన్ చేసిన. "మింగిండో లేదో నాకు యాది లేదమ్మా" అన్న.

అటు దిక్కు నర్సమ్మ డాక్టరమ్మను అడిగి వచ్చి, "ఇయ్యాల మళ్ల ఇయ్యకున్రి. టైంకు తినవెట్టున్రి. మిషన్ తోటి షుగర్ సూస్కుంట ఉండున్రి, తక్కువైతే జల్దీ తోల్కరాన్రి" అన్నది.

ఫోన్ పెట్టేసరికి ఆయన నా దిక్కే సూస్తున్నడు. "యాది లేదు అన్నవా? నువ్వేనా?"

"నేనే. ఏలు ఇటియ్యి" అన్న.

కడుపునిండ తినవెట్టి, మూడుపార్లు సూది గుచ్చి సూసిన. పడలే. పగటీలికి కొంచెం ఎక్కువనే ఉంది. అంటే పొద్దున గోలీ మింగనట్టా? లేకుంటే మింగి, నేను గ్యాస్ బండి కాడ ఉన్నప్పుడు బెల్లం డబ్బా మూత తీసిండా? అడిగితే ఆయన నవ్వుతడు. అది నాకు ఇప్పటికీ తేలలే. రెండో గోలీ మాత్రం ఇయ్యలే.