జ్వరం అని రాశాను

ఎమ్మిగనూరులో నేను హైస్కూల్లో సోషల్ పాఠాలు చెప్పేవాణ్ణి. కరోనా వచ్చిన మొదటి ఏడాది బడులు మూసేస్తే, పొద్దున్నే పేపరు పట్టుకొని పక్కింటి అరుగు మీద కూర్చునేవాణ్ణి. ఆ ఇంటాయన చేనేత కార్మికుడు, నాకంటే పదేళ్లు పెద్ద. చదువు రాదు, నేను చదివితే వినేవాడు.

పేపర్లో ఏ దేశంలో ఎంతమంది చనిపోయారో పట్టిక వేసేవారు. ఒకరోజు ఆయన అడిగాడు.

"అంత డబ్బున్న దేశాల్లో అంతమంది పోతాండారే, మనకాడ తక్కువేంది సారూ?"

తెలియదు అంటే సరిపోయేది. అనలేకపోయాను.

"మన ఎండకు అది యాడ బతుకుతాదన్నా? జొన్నరొట్టె, కారం తిన్న ఒళ్లు మనవి" అన్నాను.

ఆ మాట ఆయన వీధంతా చెప్పినాడు, సారు చెప్పినాడని.

మరుసటి ఎండాకాలం ఆయనకు జ్వరం వచ్చింది. దగ్గు మొదలైంది. ఆదోని పోయి పరీక్ష చేయించుకుందామని భార్య పోరింది. కిటికీ దగ్గర నిలబడి నేనూ అన్నాను కానీ, గట్టిగా అనలేదు. ఆయన నవ్వాడు.

"ఈ ఎండకు అదేం బతుకుతాది? మీరే సెప్తిరి కదా సారూ."

నేను తప్పు చెప్పానన్నా అని అప్పుడైనా అనాల్సింది. నామోషీ అడ్డమొచ్చింది. ఐదోరోజు ఊపిరి అందక ఎగపోస్తుంటే ఆటో పిలిచాను. ఆదోని చేరకముందే దారిలోనే పోయాడు. పరీక్ష లేదు, చీటీ లేదు. అటునుంచి అటే వెనక్కి తెచ్చాం.

మరణ ధ్రువీకరణకు కాగితం నింపమని ఆయన భార్య నా చేతికిచ్చింది. ఎట్లా పోయాడో రాయాలి.

"జ్వరమని రాయండి సారూ. ఆ రోగం పేరు రాస్తే మా ఇంటి గడప ఎవరూ తొక్కరు."

రాశాను.

తర్వాత ఆ విషయం మీద దొరికిందల్లా చదివాను. ముసలివాళ్లు ఎక్కువున్న దేశంలో చావులెక్కువ. ఆసుపత్రి ఎంత దూరం, పరీక్ష ఎంతమందికి, పోయినవాళ్లను ఏమని రాస్తున్నారు, అన్నీ లెక్కను మారుస్తాయట. మా అన్న ఏ పట్టికలోనూ లేడు. తక్కువ అని నేను మురిసిన ఆ అంకెలో, అలా రాయకుండా వదిలేసినవాళ్లు ఎంతమందో.

సంవత్సరీకం నాడు ఆమెతో చెప్పేశాను. నా మాట నమ్మినందుకే ఆయన ఆసుపత్రికి పోలేదమ్మా అని.

ఆమె చేస్తున్న పని ఆపలేదు. "మీరు సెప్పకున్నా ఆస్పత్రికి పోయేటోడు కాదులే సారూ. మగ్గం మీద చీర సగంలో ఉన్నింది" అంది.

నిజంగానే అన్నదో, నా ముఖం చూసి అన్నదో అడగలేదు. నేను వేరే ఇంటికి మారి రెండేళ్లయింది. ఆ వీధి మీదుగా పోవాల్సి వస్తే ఇప్పటికీ చుట్టు తిరిగి పోతాను.