ముత్తాతగారి సైన్యం ఏం తిన్నది?

జమ్మలమడుగులో పులివెందుల బస్సెక్కితే పక్క సీట్లో ఒక అమెరికా పెద్దాయన. ఇరవై ఏళ్లు సైన్యంలో వంటవాడిగా చేసి, ఆపైన యుద్ధాల మీద పన్నెండు పుస్తకాలు రాశాడట. ఉత్తరాంధ్రలో మా జమీందారీ పోయినా పేరు పోలేదు కదా. మా ముత్తాతగారు మూడు వందల మందితో కోట కాచిన వైనం చెప్పి, పుస్తకంలో చేర్చమన్నాను.

"వాళ్లు ఏం తినేవారు?" అన్నాడు కలం తీసి. నాకు తెలియదు. అది తెలియనిదే రాయనన్నాడు.

ముందు సీటు రైతుకు ఈ ప్రశ్న తెలుగులో చెబితే పకపకా నవ్వాడు. "ఏందప్పా, అది గూడా తెల్దా? రాగిసంగటి, నంజుకునేకి శెనక్కాయల ఊరిమిండి! సంగటి తినకుండా కోట యాడ నిలబడతాది?"

మా వంశంలో సంగటి ముట్టినవారు లేరు. అయినా ఆ మాటే ఇంగ్లీషులో గంభీరంగా చెప్పాను. ఆయన రాసుకున్నాడు. పులివెందులలో దిగగానే, నాలో నేను నవ్వుకుంటూ హోటల్‌కెళ్లి, ముత్తాతగారి గౌరవం కోసం రెండు ముద్దల సంగటి తిన్నాను.